కస్టమర్ల చిట్టా మన కొట్లోనే ఉండాలి

ఒంగోల్లో మా మావయ్యకి ఆర్వో వాటర్ ఫిల్టర్ల షాపు ఉంది. అమ్మేది తక్కువ, సర్వీసు చేసేది ఎక్కువ. మా వైపు నీళ్ల సంగతి తెలిసినవాళ్లకి ఎందుకో విడమర్చి చెప్పక్కర్లేదు, కనిగిరి వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఎంతుంటుందో అక్కడి పెద్దవాళ్ల పళ్లు చూస్తేనే అర్థమవుతుంది, కాబట్టి ఫిల్టర్ అనేది మా దగ్గర డాబు కోసం పెట్టుకునే వస్తువు కాదు. పోనీ ఒకసారి బిగించి వచ్చేస్తే అయిపోతుందా అంటే అవదు, ఆర్నెల్లకో క్యాండిల్, ఏడాదికో రెండేళ్లకో మెంబ్రేన్, అదీ ఆ ఇంటి నీళ్ల టీడీఎస్‌ని (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) బట్టి ముందూ వెనకా అవుతుంది. ఎవరింట్లో ఎప్పుడు ఏం మార్చామో గుర్తుపెట్టుకోవడమే ఈ వ్యాపారం, మిగతాదంతా స్పానర్ పని.

మొదట్లో అంతా పొడుగు పుస్తకాల్లో ఉండేది. తర్వాత ఎవరో చెప్తే మావయ్య ఒక ఆన్‌లైన్ సీఆర్ఎం, అంటే కస్టమర్ల వివరాలు రాసిపెట్టుకునే సాఫ్ట్‌వేర్, తీసుకున్నాడు, నెలనెలా ఒక్కో మనిషికి ఇంత అని కట్టే రకం. కౌంటర్లో ఒకమ్మాయి, బయట తిరిగే కుర్రాళ్లు నలుగురు, మావయ్య, మొత్తం ఆరుగురు. మూడేళ్లు బాగానే నడిచింది, అబద్ధం చెప్పను. నాలుగో ఏడు ఆ కంపెనీ ప్లాన్లు మార్చేసింది, మేమున్న చిన్న ప్లాన్ తీసేశారు, పై ప్లాన్‌కి వెళ్లండి లేదా నెలలోపు మీ డేటా దించుకోండి అని మెయిల్ పెట్టారు. దించుకుందామని చూస్తే పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు మాత్రం ఫైల్‌గా వచ్చాయి. ఒక్కో కస్టమర్ కింద మూడేళ్లు రాసుకున్న నోట్సు రాలేదు. "మెంబ్రేన్ మార్చాం, టీడీఎస్ 1400, కుక్క ఉంది ఫోన్ చేసి వెళ్లాలి", "ఓనరు చెన్నైలో ఉంటారు, తాళం పక్కింట్లో", ఇలాంటివి. అవే కదా అసలు సరుకు. నేనూ ఆ కౌంటర్ అమ్మాయీ వారం పాటు షాపు మూశాక కూర్చుని ఒక్కో పేజీ తెరిచి ఎక్సెల్లోకి కాపీ చేశాం, అప్పటికీ అన్నీ అవలేదు.

ఆ వారంలో నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే, కస్టమర్ల చిట్టా మన కొట్లోనే ఉండాలి, మన మెషీన్లో, మన తాళం కింద. చిన్న షాపుకి దీనికోసం సర్వర్ కొనక్కర్లేదు, నెలకి అద్దె కట్టి వీపీఎస్ (ఇంటర్నెట్‌లో ఇంకొకళ్ల దగ్గర నడిచే సర్వర్) తీసుకోనక్కర్లేదు, కౌంటర్ వెనక పెట్టుకునే మామూలు డెస్క్‌టాప్ చాలు. దీన్ని కాదనేవాళ్లు చాలామంది ఉన్నారు, నా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు, వాళ్లంతా హైదరాబాద్‌లో ఐటీలో ఉన్నవాళ్లు, "డెస్క్‌టాప్ మీద ప్రొడక్షన్ ఏంట్రా" అంటారు, అంటే రోజూ నడిచే అసలు పనిని మామూలు కంప్యూటర్ మీద పెట్టడమేంటని. వాళ్ల భయంలో నిజం లేదని నేననను. ఆ భయానికి మందు జాగ్రత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడం, రోజూ బ్యాకప్ తీసుకోవడం. చిట్టాని ఇంకొకళ్ల ఇంట్లో పెట్టడం మాత్రం మందు కాదు.

సాఫ్ట్‌వేర్ ఏది అని వెతికితే మేం సూట్‌సీఆర్ఎం దగ్గర ఆగాం. దానికి కారణం ఫీచర్లు కాదు, దాని చరిత్ర. 2004లో అమెరికాలో షుగర్‌సీఆర్ఎం అనే కంపెనీ మొదలైంది, కోడ్ బయటికి ఇచ్చారు, కమ్యూనిటీ ఎడిషన్ అని ఉచితంగా వాడుకోనిచ్చారు. అదే ఏడు చెన్నైలో కొందరు ఆ కోడ్ తీసుకుని వీటైగర్ అని వేరే దారి పట్టారు. తర్వాత 2013లో స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ ఊళ్లో ఉండే సేల్స్ఎజిలిటీ అనే చిన్న కంపెనీ షుగర్ కమ్యూనిటీ ఎడిషన్ మీద సూట్‌సీఆర్ఎం కట్టి వదిలింది. 2014లో షుగర్ వాళ్లు ఇక కమ్యూనిటీ ఎడిషన్‌లో కొత్త వెర్షన్లు ఉండవని చెప్పేశారు, 6.5తో సరి. మామూలు సాఫ్ట్‌వేర్ అయితే అక్కడితో జనం రోడ్డున పడాలి, పడలేదు, ఎందుకంటే అప్పటికే ఇచ్చిన కోడ్ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉంది, ఇచ్చింది వెనక్కి తీసుకోవడం కుదరదు. ఒక కంపెనీ మనసు మార్చుకున్నా చిట్టా ఆగలేదు. మాకు అంతకుముందే తగిలిన దెబ్బకి సరిగ్గా ఇదే కావాల్సింది.

ఇక ఇన్‌స్టాలేషన్. షాపులో అప్పటికే విండోస్ కంప్యూటర్ ఉంది, బిల్లింగ్‌కి వాడేది, కాబట్టి మొదటిసారి దానిమీదే ఎక్జాంప్ (అపాచీ అనే వెబ్ సర్వర్, పీహెచ్‌పీ అనే భాష, మైఎస్‌క్యూఎల్ అని చూపించే డేటాబేస్ అన్నీ ఒకే మూటగా వేసే ప్యాకేజీ) వేసి, దాంట్లో సూట్‌సీఆర్ఎం పెట్టాను. అరగంటలో లాగిన్ స్క్రీన్ వచ్చేసింది, మావయ్య చాలా సంతోషపడ్డాడు. రెండు వారాల తర్వాత మధ్యాహ్నం కరెంటు పోయింది, ఆ కంప్యూటర్‌కి యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటొచ్చాక ఆన్ చేస్తే ఎక్జాంప్ ప్యానెల్లో మైఎస్‌క్యూఎల్ ఎదురుగా స్టార్ట్ నొక్కడం, ఒక్క క్షణం పచ్చగా అవ్వడం, మళ్లీ ఎర్ర అక్షరాలతో ఉన్నట్టుండి ఆగిపోయింది అని రావడం. ఇది వాడినవాళ్లందరికీ తెలిసిన జబ్బే. డేటా ఫోల్డర్‌ని పక్కన దాచి, దాంతోపాటు వచ్చే బ్యాకప్ ఫోల్డర్‌లో ఫైళ్లు తెచ్చి, మన డేటాబేస్ ఫోల్డరూ, డేటా దాచుకునే ఐబీడేటా1 ఫైలూ మళ్లీ అందులో పెట్టి లేపాలి. లేచింది, కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎక్జాంప్ తయారుచేసినవాళ్లే ఇది నేర్చుకోవడానికి, డెవలప్‌మెంట్‌కి మాత్రమే అని రాసిపెట్టారు, అన్ని హక్కులూ ఉండే డేటాబేస్ రూట్ యూజర్‌కి పాస్‌వర్డ్ కూడా ఉండదు దాంట్లో. నేను చదివీ పట్టించుకోలేదు. విండోస్‌లోనే ఉండాలనుకునేవాళ్లు ట్రై చేసి చూడటానికి ఎక్జాంప్ వాడండి, బంగారంలా వాడండి, కానీ నిజం కస్టమర్ల పేర్లు మాత్రం దాంట్లో ఎక్కించకండి, ఇది నా మాటగా తీసుకోండి.

రెండోసారి సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి కొన్నాం, ఐ3, 8 జీబీ ర్యామ్, కొత్త ఎస్ఎస్‌డీ వేయించాం. దాంట్లో విండోస్ బదులు ఉబుంటు అనే ఉచిత లినక్స్, డెస్క్‌టాప్ ఎడిషన్ 22.04. సర్వర్ ఎడిషన్ ఎందుకు వేయలేదని అడుగుతారు, నల్ల స్క్రీన్ చూస్తే షాపులో ఎవరూ దగ్గరికి రారు కాబట్టి. డెస్క్‌టాప్ అయితే ఫోల్డర్ కనిపిస్తుంది, పెన్‌డ్రైవ్ పెడితే కనిపిస్తుంది, బ్రౌజర్ అక్కడే తెరుచుకుంటుంది, కింద నడిచే అపాచీ, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ అవే కదా రెండింట్లోనూ. ఒక్క విషయం మాత్రం ముందే చూసుకోండి, ఉబుంటు 22.04తో పీహెచ్‌పీ 8.1 వస్తుంది, 24.04తో 8.3 వస్తుంది, మీరు వేసే సూట్‌సీఆర్ఎం వెర్షన్‌కి ఏ పీహెచ్‌పీ పడుతుందో వాళ్ల పట్టికలో చూసుకుని తర్వాత ఉబుంటు ఎంచుకోండి. అందరూ ఉబుంటు ముందు వేసేసి తర్వాత తలపట్టుకుంటారు. మేం వేసింది సూట్‌సీఆర్ఎం 7, ఎనిమిదో వెర్షన్ చూడ్డానికి బాగుంటుంది గానీ మా అవసరానికి ఏడు చాలు.

జిప్ దించడం, అపాచీ ఫోల్డర్లో విప్పడం, డేటాబేస్ ఒకటి, దానికో యూజర్ సృష్టించడం, బ్రౌజర్లో ఇన్‌స్టాల్ పేజీ తెరిచి అడిగినవి నింపడం, ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది, నేను మళ్లీ రాయను. నాకు గంటలు తిన్నవి రెండే రెండు.

ఒకటి ఓనర్‌షిప్. జిప్ విప్పేటప్పుడు సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) పెట్టి విప్పాను, దాంతో ఫైళ్లన్నీ రూట్ అనే అడ్మిన్ పేరు మీద పడ్డాయి. అపాచీ నడిచేదేమో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్ పేరు మీద, వాడికి క్యాష్ (తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే) ఫోల్డర్లో రాసే హక్కు లేదు. ఇన్‌స్టాలర్ దీన్ని చెప్తుంది, సరిచేశాను, బాగుంది. అసలు తంటా నెల తర్వాత, ఏదో చిన్న మార్పు కోసం టెర్మినల్లో సుడోతో ఒక స్క్రిప్ట్ నడిపాను, అది క్యాష్‌లో కొన్ని ఫైళ్లు రూట్ పేరుతో పెట్టి పోయింది, పొద్దున్నే షాపు తీసేసరికి కౌంటర్ అమ్మాయికి తెల్ల పేజీ, ఒక్క అక్షరం లేదు. అపాచీ ఎర్రర్ లాగ్ తెరిస్తే ఒకే మాట వందసార్లు, పర్మిషన్ లేదు, పర్మిషన్ లేదు. ఫోల్డర్ మొత్తాన్ని మళ్లీ వెబ్ యూజర్ పేరు మీదకి మార్చితే నిమిషంలో వచ్చింది. అప్పట్నుంచి ఆ ఫోల్డర్లో ఏ పని చేసినా వెబ్ యూజర్‌గానే చేస్తున్నాను.

రెండోది పీహెచ్‌పీ సెట్టింగుల ఫైల్. అప్‌లోడ్ సైజు మామూలుగా 2 ఎంబీ ఉంటుంది, కుర్రాళ్లు ఫోన్‌తో తీసే ఫోటో ఒక్కటే అంతకంటే పెద్దది. పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐలో 20 చేశాను, అపాచీ రీస్టార్ట్ చేశాను, మారలేదు, మళ్లీ చేశాను, మారలేదు. ఉబుంటులో ఆ ఫైల్ రెండు చోట్ల ఉంటుంది, టెర్మినల్ వాడేది సీఎల్ఐ ఫోల్డర్లో, వెబ్ వాడేది అపాచీ2 ఫోల్డర్లో. నేను మారుస్తున్నది మొదటిది. మీకు ఈ రెండు గంటలు మిగిలితే ఇది రాసినందుకు నాకు చాలు.

ఇప్పుడు తెలుగు గురించి చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు గైడ్లలో ఎక్కడా ఉండదు. మా ఎక్సెల్లో పేర్లు ఇంగ్లీషులో, నోట్సు తెలుగులో. సీఆర్ఎంలోకి ఎక్కించడానికి దాన్ని మామూలు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది, ఆ ఫైల్లోంచి వాటిని మళ్లీ అక్షరాలుగా మార్చడం ఎవరి వల్లా కాదు, అసలు ఎక్సెల్ ఫైల్ ఉంది కాబట్టి బతికిపోయాం. సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) అని వేరే ఆప్షన్ ఉంటుంది, అదే ఎంచుకోవాలి. ఫోన్ నంబర్లది ఇంకో గొడవ, ముందు 91 ఉన్న పన్నెండు అంకెల నంబర్ని ఎక్సెల్ పెద్ద సంఖ్య అనుకుని 9.19ఈ+11 అని కుదించి చూపిస్తుంది, సీఎస్‌వీలోకి కూడా అలాగే పోతుంది, అంటే నంబర్ పోయినట్టే. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చి పెట్టాలి. డేటాబేస్ మాత్రం యూటీఎఫ్8ఎంబీ4లో పెట్టండి, తెలుగు అక్షరం మూడు బైట్లే కాబట్టి పాత యూటీఎఫ్8లో కూడా పడుతుంది గానీ, కుర్రాళ్లు నోట్సులో దండం పెట్టే బొమ్మ ఒకటి పెట్టారంటే దానికి నాలుగు బైట్లు కావాలి, అక్కడ సేవ్ అవ్వకుండా ఆగిపోతుంది.

సూట్‌సీఆర్ఎం తెరవగానే మెనూలో ఇరవై ముప్పై పేర్లుంటాయి, మావయ్య చూసి "ఇదంతా ఎవడు నింపుతాడ్రా" అన్నాడు. కాంటాక్ట్స్, కాల్స్, కేసెస్ ఈ మూడు ఉంచి మిగతావన్నీ దాచేశాను. స్టూడియో అని ఉంటుంది, దాంట్లో మన ఫీల్డులు మనం పెట్టుకోవచ్చు, టీడీఎస్ అని ఒకటి, మెంబ్రేన్ మార్చిన తేదీ అని ఒకటి, ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) ఎప్పటిదాకా అని ఒకటి పెట్టాను, పేర్లు తెలుగులోనే. మూడేళ్లు డబ్బు కట్టిన చోట టీడీఎస్‌కి ఒక గడి లేదు, నోట్సులో రాసుకునేవాళ్లం. ఇప్పుడు టీడీఎస్ వెయ్యి దాటిన ఇళ్లు అని అడిగితే జాబితా వస్తుంది. క్యాండిల్ మార్చిన ఆర్నెల్లకి కాల్ ఒకటి దానంతట అదే తయారయ్యేట్టు వర్క్‌ఫ్లో పెట్టాం. దీనికి క్రాన్ నడవాలి, నిమిషానికోసారి వెనకాల ఒక చిన్న ఫైల్ నడుస్తూ ఉండాలి, అది లేకపోతే సీఆర్ఎం పైకి బాగానే కనిపిస్తుంది గానీ ఏ పనీ తనంతట తాను చేయదు. ఇన్‌స్టాలేషన్ చివరి పేజీలో ఆ లైన్ ఇచ్చి పెట్టుకోమని చెప్తుంది, చాలామంది అక్కడే విండో మూసేస్తారు.

డెస్క్‌టాప్ అన్నందుకు పడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆటోమేటిక్ సస్పెండ్ ఆపేయాలి, మాది ఒకరోజు అందరూ భోజనానికి వెళ్తే అది కూడా నిద్రపోయింది, కొండపిలో ఉన్న కుర్రాడికి అడ్రస్ తెరుచుకోలేదు. బయోస్‌లో (కంప్యూటర్ లేచేటప్పటి సెట్టింగుల్లో) కరెంటు పోయి వస్తే తనే ఆన్ అయ్యేట్టు పెట్టాలి. ఇన్వర్టర్ లైన్ ఇవ్వాలి. రౌటర్లో ఆ మెషీన్‌కి ఒకే ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్) ఉండేట్టు కట్టేయాలి, మాది 192.168.1.50. ఇది చేసినా ఒకసారి నెట్ కంపెనీ మారితే కొత్త రౌటర్ వచ్చి వరసే మారిపోయింది, మెషీన్‌కి కొత్త ఐపీ ఇచ్చాం గానీ సీఆర్ఎం కాన్ఫిగ్ ఫైల్లో సైట్ అడ్రస్ దగ్గర పాతదే ఉండిపోయింది, దాంతో అది పంపే రిమైండర్ మెయిళ్లలో లింకులన్నీ పాత చోటికే పోయాయి. ఆ ఒక్క లైన్ మార్చాలని తెలియక సగం రోజు.

బయట ఊళ్లలో తిరిగే కుర్రాళ్లు ఎలా చూడాలి అనేది అసలైన ప్రశ్న. రౌటర్లో పోర్ట్ తెరవకండి, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా లోపలికి దారి ఇవ్వకండి. మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, తెరిచినా పని చేయదు, పని చేసినా ప్రపంచమంతా వచ్చి తలుపు కొడుతుంది. మేం టెయిల్‌స్కేల్ పెట్టుకున్నాం, షాపు మెషీన్‌కీ నాలుగు ఫోన్లకీ మధ్య వైర్‌గార్డ్ అనే పద్ధతితో వేసిన రహస్య సొరంగం లాంటిది, ఫోన్లో ఆ యాప్ ఆన్ ఉంటేనే సీఆర్ఎం కనిపిస్తుంది. ఇది కూడా ఒక కంపెనీ సర్వీసే, నాకు తెలుసు, అక్కడ నేను రాజీ పడ్డాను. కానీ రేపు వాళ్లు ఆపేస్తే పోయేది దారి మాత్రమే, చిట్టా పోదు. ఇంకో దారి వేసుకుంటాం. షాపులో నెట్ పోయిన రోజు కూడా, రోడ్డు తవ్వినప్పుడల్లా పోతుంది మాకు, కౌంటర్లో పని ఆగదు, ఎవరు ఫోన్ చేసినా వాళ్ల చరిత్ర ఎదురుగా ఉంటుంది. వీపీఎస్ వద్దన్నది ఇందుకే.

భద్రత అంటారు. పెద్ద కంపెనీల దగ్గర ఉంటే దొంగతనం జరగదు, నీ ఐ3 డబ్బా ఎవడైనా ఎత్తుకుపోతే అంటారు. మంచి ప్రశ్న, అందుకే ఉబుంటు వేసేటప్పుడే డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశాం. దానివల్ల కరెంటు పోయి వచ్చినప్పుడు ఒకరు పాస్‌ఫ్రేజ్ కొట్టాలి, అది ఇబ్బందే, ఇన్వర్టర్ ఉంది కాబట్టి నెలకి ఒకటి రెండుసార్లకి మించి రావట్లేదు. అసలు ఆ కస్టమర్ల ఇళ్ల అడ్రసులు, తాళం ఎక్కడ పెడతారో లాంటి సంగతులు మనల్ని నమ్మి చెప్పినవి. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా అదే అంటుంది, డేటా తీసుకున్నది మనమైతే, దాన్ని ఇంకొకళ్ల చేత నడిపించినా బాధ్యత మనదే. బాధ్యత ఎలాగూ మనదే అయినప్పుడు తాళం కూడా మన దగ్గరుండటం న్యాయం కదా.

బ్యాకప్ దగ్గరే ఈ వాదన నిలబడేది, లేదా పడిపోయేది. రోజూ రాత్రి తొమ్మిదింటికి మైఎస్‌క్యూఎల్ డంప్ (డేటాబేస్ మొత్తం ఒక ఫైల్‌గా) ఒకటి తయారవుతుంది, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో పడుతుంది. అలాంటి డిస్కులు రెండు, శనివారం శనివారం మార్చి ఒకటి మావయ్య ఇంటికి తీసుకెళ్తాడు. ఇంతవరకు బాగానే ఉంది అనుకుని, మూడు నెలల తర్వాత నా ల్యాప్‌టాప్‌లో ఆ బ్యాకప్‌ని ఎక్కించి చూద్దామని కూర్చున్నాను. కస్టమర్లు వచ్చారు, కాల్స్ వచ్చాయి, నోట్సు తెలుగులో చక్కగా వచ్చాయి, ఫోటో మీద నొక్కితే ఏమీ లేదు. ఫోటోలు డేటాబేస్‌లో ఉండవు, అప్‌లోడ్ అనే ఫోల్డర్లో ఉంటాయి, నేను దాన్ని బ్యాకప్‌లో కలపనే లేదు. కాన్ఫిగ్ ఫైల్ కూడా కలపలేదు. మూడు నెలల పాటు మా దగ్గర సగం బ్యాకప్ ఉంది, ఆ సంగతి మాకు తెలియదు. ఆ రోజే డిస్క్ పోయుంటే నేను మావయ్య మొహం చూడలేకపోయేవాడిని.

అందుకే మూడు నెలలకోసారి మొత్తం మళ్లీ ఎక్కించి చూడటం పెట్టుకున్నాం. దీనికే పాత విండోస్ కంప్యూటర్‌లో కూడా ఉబుంటు వేసి పక్కన పెట్టాం, బిల్లింగ్‌కి వేరే కొన్నాడు మావయ్య.

మిగిలింది ఒక్క అభ్యంతరం, అన్నిట్లోకీ గట్టిది అదే, నువ్వు లేకపోతే ఎలా అని. నేనుండేది హైదరాబాద్‌లో, నెలకోసారి వస్తాను. దీనికి నా దగ్గర మొదట్లో జవాబు లేదు. తర్వాత కౌంటర్ అమ్మాయితో కూర్చుని అన్నీ రాయించాను, నేను చెప్తుంటే తన చేత్తో తను, తన మాటల్లో, పొడుగు పుస్తకంలోనే. తెల్ల పేజీ వస్తే ఏం చేయాలి, కరెంటు పోయి వస్తే ఏం చేయాలి, డిస్క్ మార్చడం, బ్యాకప్ ఎక్కించడం. కమాండ్లు ఇంగ్లీషులో, పక్కన అదేం చేస్తుందో తెలుగులో. "ఇది కొట్టాక ఏమీ రాకపోతే మంచిదే, కంగారు పడొద్దు" అని ఒకచోట రాసుకుంది.

పోయిన సంక్రాంతి తర్వాత మూడు నెలల పరీక్ష రోజు నేను రాలేకపోయాను. సాయంత్రం ఏడింటికి ఫోన్, "అన్నా, పాత డబ్బాలో ఎక్కించేశాను, పొదిలి ఆవిడ ఫోటో కూడా తెరుచుకుంది. ఎనిమిదో స్టెప్పులో పాస్‌వర్డ్ పాతది రాసుంది, కొట్టేసి కొత్తది రాశాను."